మిరపలో రోగనిరోధక శక్తిని మేల్కొలపగలమా?

మిరప వేసిన రైతు ఖర్చుల పుస్తకం తీస్తే విత్తనం, కౌలు, కూలీల పక్కన అంతే బరువైన పద్దు మందులది. గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్ జిల్లాల్లో నారు పోసినప్పటి నుంచి చివరి కోత దాకా స్ప్రేయర్ భుజం దిగదు. అంత కొట్టినా పంట చేతికొస్తుందన్న ధీమా లేదు. 2021లో నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు దొరికిన మందల్లా కొట్టిన రైతులు కూడా చివరికి తోటలు దున్నేశారు. కాయలో మందుల అవశేషాలు మితిమీరితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుందన్న భయం ఇంకోవైపు. అందుకే ఇప్పుడు గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మిరప మొక్కకు పుట్టుకతో వచ్చిన రక్షణ ఉంది. తెగులు రాకముందే దాన్ని లేపి నిలబెడితే మందుల వాడకం ఎంతవరకు తగ్గించుకోవచ్చు? ప్రపంచంలో అరవై ఏళ్ళకు పైగా సాగిన పరిశోధనలో తేలిందేమిటి, అందులో మన నేలకు పనికొచ్చేది ఎంత?

హైదరాబాద్ నగరంలోని ఏఎస్ రావు నగర్‌లోనూ, నాచారం, ఉప్పల్ వైపూ ఉండేవారికి ఇది పల్లెకే పరిమితమైన ప్రశ్న కాదు. మిద్దె తోట మొదలుపెట్టిన ఇంట్లో తొలి కుండీ చాలాసార్లు మిరపదే, ముందుగా ముడత పట్టేదీ అదే. పైగా మొక్క తన శత్రువును ఎలా పసిగడుతుందో దేశంలో నిశితంగా చూసిన ప్రయోగశాలల్లో ఒకటి ఇక్కడే ఉప్పల్ రోడ్డు మీద, హబ్సిగూడలో ఉంది. అది సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ). అక్కడ జరిగిన పని వరి మీద. దాని పాఠం మాత్రం మిరపకూ వర్తిస్తుంది.

శత్రువు ఒకడు కాడు

మిరపకు ఎన్ని రకాల శత్రువులున్నాయో తెలియకుండా దాని రక్షణ గురించి మాట్లాడలేం. నారుమడిలో మొలకను మొదలు దగ్గర మెత్తబరిచి పడగొట్టే నారుకుళ్ళు పిథియం, ఫైటోఫ్తోరా లాంటి బూజులది. ఫైటోఫ్తోరా క్యాప్సిసిని 1922లో అమెరికాలోని న్యూ మెక్సికోలో లియోనియన్ అనే శాస్త్రవేత్త మిరప మీదే తొలిసారి వర్ణించాడు. పూత, కాత దశలో వచ్చే కొమ్మ ఎండు, కాయకుళ్ళు కొల్లెటోట్రైకమ్ శిలీంధ్రం వల్ల వస్తాయి. బూడిద తెగులు ఆకు లోపల పెరిగే మరో శిలీంధ్రం పని. ఆకుమచ్చకు జాంతోమోనాస్, పచ్చి మీదే మొక్క వాడిపోవడానికి రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియాలు కారణం. వీటికి తోడు వైరస్‌లు. తెల్లదోమ జెమిని వైరస్‌ను, పేనుబంక మొజాయిక్‌ను, తామర పురుగు మొవ్వుకుళ్ళును మోసుకొస్తాయి.

ముడత పట్టిన ఆకును చేతిలోకి తీసుకుని చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. అంచులు పైకి లేచి ముడుచుకుంటే అది తామర పురుగు రసం పీల్చిన గుర్తు, రైతులు పైముడత అంటారు. అంచులు కిందికి తిరిగి, ఆకు కాడ సాగినట్టుంటే నల్లి పని, అది కిందిముడత. కొత్త ఆకులు చిన్నబోయి, ఈనెల మధ్య పసుపు తిరిగి, కణుపులు దగ్గరపడి మొక్క గుబురుగా నిలిచిపోతే వైరస్‌ను అనుమానించాలి. మూడింటినీ ముడత అనే ఒక్క పేరుతో పిలిచి ఒక్క మందు కొట్టడం వల్లే డబ్బు వృథా అవుతోంది. మొక్క మాత్రం ఈ తేడాను బాగా గుర్తిస్తుంది. పురుగుకు ఒక రకంగా, బ్యాక్టీరియాకు ఇంకో రకంగా స్పందిస్తుంది.

మొక్క ఎలా పోరాడుతుంది

మొక్కకు మనలా రక్తం, యాంటీబాడీలు లేవు. ప్రతి కణమూ తన కాపలా తానే కాసుకోవాలి. ఈ కాపలాలో రెండు అంచెలున్నాయి. కణం పైపొరలోని గ్రాహకాలు ఒక్కో శత్రు వర్గమంతటిలో ఉమ్మడిగా కనిపించే పదార్థాలను పట్టుకుంటాయి. బ్యాక్టీరియా తోకలోని ఫ్లాజెలిన్, శిలీంధ్రాల గోడలోని కైటిన్ అలాంటివి. అవి తగలగానే కణం తన గోడను మందం చేసుకుంటుంది, ఘాటైన ఆక్సిజన్ రూపాలను విడుదల చేస్తుంది, శిలీంధ్రాల గోడను కరిగించే కైటినేజ్, గ్లూకనేజ్ ఎంజైములను తయారుచేస్తుంది.

తెలివైన క్రిమి ఈ అంచెను దాటడానికి కణంలోకి ప్రోటీన్లను ఎక్కిస్తుంది. వాటిని లోపల గుర్తుపట్టే జన్యువులు రెండో అంచె. మిరపలో వీటిలో పేరుపడ్డది బీఎస్2. అడవి జాతి క్యాప్సికమ్ చాకోయెన్స్ నుంచి సాగు రకాల్లోకి తెచ్చిన ఈ జన్యువును 1999లో విడదీశారు. ఆ జన్యువున్న మిరప ఆకులోకి సూది లేని సిరంజితో ఆకుమచ్చ బ్యాక్టీరియా ద్రావణాన్ని ఎక్కిస్తే, ఒకటి రెండు రోజుల్లో తడిసినంత మేరా కుంగి, ఎండి, పలచటి కాగితంలా అవుతుంది. దాని అంచు దాటి ఒక్క మిల్లీమీటరు కూడా తెగులు పాకదు. అక్కడి కణాలు తాము చనిపోయి క్రిమికి తిండి లేకుండా చేశాయన్నమాట.

వీటికి తోడు మిరపకు సొంత రసాయనాలూ ఉన్నాయి. శిలీంధ్రం సోకినప్పుడు కాయలో క్యాప్సిడియోల్ అనే పదార్థం అప్పటికప్పుడు తయారవుతుందని 1970ల్లోనే కనుక్కున్నారు. మనం కారం అనుకునే క్యాప్సైసిన్ కూడా రక్షణ కోసం పుట్టిందే. బొలీవియా అడవి మిరపల్లో పురుగులు చేసిన గాట్ల గుండా దూరే ఫ్యుజేరియం నుంచి అది గింజలను కాపాడుతోందని 2008లో ట్యూక్స్‌బరీ బృందం చూపించింది.

ఒక ఆకుకు తగిలితే ఒళ్ళంతా సిద్ధం

ఒకసారి తెగులు తగిలి కోలుకున్న మొక్క మరోసారి సులువుగా లొంగదన్న సంగతి పాతదే. 1933లో కెన్నెత్ చెస్టర్ అప్పటిదాకా వచ్చిన ఆధారాలన్నీ ఒకచోట చేర్చి సమీక్ష రాశాడు. 1961లో ఫ్రాంక్ రాస్ పొగాకు మొక్క కింది ఆకులకు మొజాయిక్ వైరస్ పూశాడు. కొన్నాళ్ళాగి పై ఆకులకు పూస్తే మచ్చలు బాగా చిన్నవిగా వచ్చాయి. దెబ్బ తిన్న ఆకు నుంచి తినని ఆకుకు కబురు అందిందన్నమాట. దీనికి ఆయన పెట్టిన పేరు సిస్టమిక్ అక్వైర్డ్ రెసిస్టెన్స్.

1979లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో రేమండ్ వైట్ పొగాకు ఆకుల్లోకి ఆస్పిరిన్ ద్రావణం ఎక్కించి, వైరస్ లేకుండానే అదే రక్షణ రప్పించాడు. 1990లో రెండు బృందాలు ఒకేసారి అసలు కారణాన్ని బయటపెట్టాయి. తెగులు సోకిన మొక్క తనంతట తానే సాలిసిలిక్ ఆమ్లాన్ని పెంచుకుంటోంది, ఆస్పిరిన్ దానికి దగ్గరి చుట్టం. తర్వాత అదే పని చేసే బెంజోథయాడయజోల్ అనే రసాయనం 1996లో మార్కెట్‌కు వచ్చింది. జపాన్ వరి రైతులైతే 1970ల నుంచే అగ్గితెగులు మీద ప్రొబెనజోల్ గుళికలు వాడుతున్నారు. ఇవి క్రిమిని నేరుగా చంపవు, మొక్కను సిద్ధం చేస్తాయి.

రెండో దారి వేళ్ళ దగ్గర మొదలవుతుంది. 1991లో వేర్వేరు ప్రయోగశాలలు దాదాపు ఒకేసారి ఒక విషయం గమనించాయి. వేళ్ళ చుట్టూ ఉండే కొన్ని మంచి బ్యాక్టీరియాలు ఆకు దాకా రాకుండానే ఆకు తెగుళ్ళను తగ్గిస్తున్నాయి. ఈ రక్షణ ఎక్కువగా జాస్మోనిక్ ఆమ్లం, ఎథిలీన్ దారిలో నడుస్తుంది. మొక్కను ముందే యుద్ధంలోకి దింపకుండా అప్రమత్తంగా మాత్రం ఉంచుతుంది. శత్రువు వచ్చినప్పుడు స్పందన తొందరగా, గట్టిగా వస్తుంది. దీన్ని ప్రైమింగ్ అంటారు. రైతు వైపు నుంచి చూస్తే ఇదే లాభసాటి, ఎందుకంటే తెగులు రాని ఏడాది మొక్క శక్తి వృథా కాదు.

మిరప మీద తేలినవి

మిరపను అందరికంటే ఎక్కువగా తరచి చూసింది దక్షిణ కొరియా. అక్కడి కిమ్చీకి ఎండుమిర్చి తప్పనిసరి, ఫైటోఫ్తోరా అక్కడి రైతులకు పెద్ద శత్రువు. 1997లో హ్వాంగ్ బృందం బీటా అమైనో బ్యుటిరిక్ ఆమ్లం ఇచ్చిన మిరప కాండాల్లో కైటినేజ్, గ్లూకనేజ్, సాలిసిలిక్ ఆమ్లం పెరిగి ఫైటోఫ్తోరా తగ్గిందని చూపించింది. 2013లో డేజన్ నగరంలోని జీవసాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పొలంలోని మిరపకు బాసిల్లస్ ప్యూమిలస్ బ్యాక్టీరియాను, బెంజోథయాడయజోల్‌ను కలిపి ఇచ్చారు. విడివిడిగా కంటే కలిపి ఇచ్చినప్పుడు ఆకుమచ్చ ఎక్కువగా తగ్గింది. రసాయనం వల్ల కుంటుపడిన ఎదుగుదలను బ్యాక్టీరియా సరిచేసింది కూడా. అదే సంస్థ 2011లో ఇంకో వింత చూసింది. తెల్లదోమ రసం పీలుస్తున్న మిరప మొక్కల్లో ఆకు మీద జాంతోమోనాస్, వేళ్ళ దగ్గర రాల్‌స్టోనియా తగ్గాయి. ఆకు మీద జరిగేది వేరుకు తెలుస్తోందని దీనితో రుజువైంది.

మన పొరుగున కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో సమియప్పన్ బృందం సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆ బ్యాక్టీరియా పట్టించిన మిరపలో కొల్లెటోట్రైకమ్ సోకినప్పుడు రక్షణ ఎంజైములు, ఫినాల్ పదార్థాలు ఎక్కువగా పేరుకున్నాయని 2001లో ప్రకటించింది. మనకు ఎక్కువగా ఉపయోగపడే ఫలితం ఇదే. తెగులు మనదే, వాతావరణమూ మనకు దగ్గరిదే, వాడింది ఖరీదైన రసాయనం కాదు.

జన్యువుల వైపు చూస్తే మెక్సికో నాటు రకం సీఎం334ది ప్రత్యేక స్థానం. ఫైటోఫ్తోరాను గట్టిగా తట్టుకునే ఆ మిరప జన్యుపటాన్నే కొరియా శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించారు. అందులో సుమారు 35 వేల జన్యువులున్నాయి. అయితే ఒక్క జన్యువును నమ్ముకుంటే ఏమవుతుందో బీఎస్2 చరిత్రే చెబుతోంది. దాన్ని తప్పించుకునే బ్యాక్టీరియా తెగలు పుట్టుకొచ్చాయి.

ఉప్పల్ రోడ్డు నుంచి ఒక పాఠం

సీసీఎంబీలో రమేష్ సొంటి బృందం వరి ఎండాకు తెగులు బ్యాక్టీరియాను తరచి చూసింది. ఆకులో దూరిన ఆ బ్యాక్టీరియా కణం గోడను కరిగించే ఎంజైములను వదులుతుంది. వాటిలో ఒకటి లిప్ఎ. గోడ చెదరగానే వరి మేలుకుంటుంది. ఆ ఎంజైమును మాత్రమే శుద్ధి చేసి వరి ఆకులోకి ఎక్కించి, ఎనిలిన్ బ్లూ అద్ది అతినీలలోహిత కాంతిలో చూస్తే ఆకు నిండా మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవి గోడకు లోపలి నుంచి వేసుకున్న కాలోస్ అతుకులు. అలా ముందే మేలుకున్న ఆకుకు తర్వాత బ్యాక్టీరియాను ఎక్కిస్తే తెగులు సరిగా పట్టలేదు. 2005, 2007లలో ఈ బృందం ఇచ్చిన వివరణ ముఖ్యమైనది. బ్యాక్టీరియా ఒక చేత్తో గోడ కరిగిస్తూనే, ఇంకో చేత్తో మొక్కలోకి ప్రోటీన్లు ఎక్కించి ఆ మేలుకొలుపును అణచేస్తుంది. అణచే దారి లేని బ్యాక్టీరియా ఓడిపోయింది. 2009లో లిప్ఎ నిర్మాణాన్ని కూడా ఇక్కడే శంకరనారాయణన్ బృందంతో కలిసి తేల్చారు.

దీన్నుంచి మిరప రైతు తెలుసుకోవాల్సింది ఒకటే. సమయం చాలా ముఖ్యం. క్రిమి లోపలికి వచ్చాక మొక్కను లేపబోతే అప్పటికే అది అణచివేత మొదలుపెట్టి ఉంటుంది. లేపడం ముందే జరగాలి.

ఇక్కడి శాస్త్రం పొలం దాకా చేరగలదనడానికీ వరే రుజువు. సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలో మూడు నిరోధక జన్యువులను చేర్చి తెచ్చిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఒకటి చాలదని మూడు చేర్చారు. బీఎస్2 అనుభవం చెప్పినదీ అదే.

ఎక్కడ పనిచేయదు

ఈ మార్గానికి పరిమితులున్నాయి. వాటిని దాచితే రైతును మోసం చేసినట్టే.

మొదటిది, ఇది మందు కాదు. అప్పటికే ముడుచుకున్న ఆకు విచ్చుకోదు, కుళ్ళిన కాయ బాగుపడదు. జెమిని సోకిన మొక్కను కాపాడే స్ప్రే ఏదీ లేదు. తొలిదశలోనే పీకి నాశనం చేయడమే దారి. రక్షణ మేలుకున్నా తెగులు తగ్గుతుందే గాని పూర్తిగా ఆగదు.

రెండోది ఖర్చు. రక్షణకు వెచ్చించిన శక్తి కాయకు పోదు. 2000లో జర్మనీలో హైల్ బృందం తెగులు లేని చోట గోధుమకు బెంజోథయాడయజోల్ ఇస్తే గింజలు తగ్గాయి. క్యాప్సికమ్ మీద కూడా సీజన్ అంతా మాటిమాటికీ కొట్టిన చోట దిగుబడి దెబ్బతింది. ఇంటర్నెట్‌లో చూసి కుండీలోని మిరపకు వారం వారం ఆస్పిరిన్ నీళ్ళు పోయడం మంచిది కాదు. మోతాదు మించితే ఆకులు మాడతాయి.

మూడోది మనకు అన్నిటికంటే ముఖ్యమైనది. సాలిసిలిక్ దారి, జాస్మోనిక్ దారి చాలాసార్లు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. మొదటిది ప్రధానంగా బ్యాక్టీరియా, వైరస్, బూడిద తెగులు లాంటివాటికి. రెండోది పురుగులకు, కణాలను చంపి తినే శిలీంధ్రాలకు. 1999లో అమెరికాలో టమాట పొలంలో థేలర్ బృందం ఈ పరస్పర అడ్డంకిని చూపించింది. తామర పురుగు, నల్లి, తెల్లదోమ రాజ్యమేలే మన మిరప తోటలో సాలిసిలిక్ దారిని గుడ్డిగా పెంచితే ఆకుమచ్చ తగ్గి పురుగు పెరగొచ్చు. కొరియాలో ఫలించిన పద్ధతిని యథాతథంగా తెచ్చుకోకూడదనడానికి కారణం ఇదే. వేళ్ళ దగ్గరి బ్యాక్టీరియా దారి మనకు నయమనడానికీ ఇదే కారణం.

దుకాణంలో దొరికేది

మిరప పండే ఊళ్ళలో "బయో" అని రాసిన సీసాలు లెక్కలేనన్ని. కొన్నిటిలో లేబుల్ మీద చెప్పని పురుగుమందు కలిసి ఉంటోంది. పురుగు చస్తుంది కాబట్టి రైతు అది పనిచేసిందనుకుంటాడు. మొక్కకు మాత్రం ఏ రక్షణా మేలుకోదు, కాయలో అవశేషం మిగులుతుంది. కేంద్రం 2021లో బయోస్టిమ్యులెంట్లను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. వాటిలో పురుగుమందు 0.01 పీపీఎం దాటకూడదని నిబంధన పెట్టింది. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి జీవనియంత్రణ ఉత్పత్తులు 1968 నాటి కీటకనాశినుల చట్టం కింద నమోదు కావాలి. కాబట్టి కొనే ముందు రిజిస్ట్రేషన్ నంబరు, క్రిమి పేరు, తయారీ తేదీ, గడువు చూడాలి. ఇవి ప్రాణమున్న సరుకు. ఎండలో పెట్టిన ప్యాకెట్‌లో మిగిలేది పొడి మాత్రమే.

మన తీరంలో ఉన్న మరో వనరు చిటోసాన్. రొయ్య పెంకుల కైటిన్ నుంచి దీన్ని తీస్తారు. కైటిన్ జాతిది కాబట్టి మొక్క దాన్ని శిలీంధ్రం వచ్చినట్టే గుర్తిస్తుంది. రొయ్యల సాగులో దేశానికే ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో పెంకులకు కొరత లేదు. పక్క జిల్లాల్లోనే మిరప ఉంది. ఈ రెంటినీ కలిపే పరీక్షలు మన పొలాల్లో పెద్ద ఎత్తున జరగాలి.

నారు దశలోనే చేయాల్సినవి

పరిశోధనంతా చూశాక తేలేదేమిటంటే, మిరప రక్షణ నారు దశలో మొదలవ్వాలి. కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ పొడి పట్టించవచ్చు. హైబ్రిడ్ విత్తనం చాలావరకు శిలీంధ్రనాశిని పట్టించే వస్తుంది. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే కాబట్టి దానికి పట్టించినా నిలవదు. అలాంటప్పుడు ప్రోట్రేలలోని కొబ్బరి పొట్టులో కలపడం మేలు. ఎకరా పొలానికి 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తేమ ఆరకుండా నీడలో పది రోజులు ఉంచి వేయాలి. దీన్ని రసాయన శిలీంధ్రనాశినితో ఒకేసారి వాడకూడదు. నారుకు సన్న నైలాన్ వల, చేను చుట్టూ రెండు మూడు వరుసల జొన్న లేదా మొక్కజొన్న, నీలం, పసుపు జిగురు అట్టలు వైరస్ మోసే పురుగులను తగ్గిస్తాయి. యూరియా మితిమీరితే ఆకు మెత్తబడి రసం పీల్చే పురుగులకు విందు అవుతుంది. మిద్దె మీద కుండీలకూ ఇదే పద్ధతి, పరిమాణం మాత్రమే చిన్నది.

మిరపలో రోగనిరోధక శక్తిని మేల్కొలపవచ్చు. అది నిజం, ఆధారాలున్నాయి. అది పురుగుమందుకు పూర్తి బదులు కాదు, నిరోధక రకాలకు, శుభ్రమైన నారుకు తోడు. మన వాతావరణంలో, మన పురుగుల మధ్య అది ఎంత ఇస్తుందో లెక్క తేల్చాల్సిన బాధ్యత గుంటూరు లాం, మహబూబాబాద్ మల్యాల పరిశోధన స్థానాలది, ఉప్పల్ రోడ్డు ప్రయోగశాలలది. వరి కోసం ఈ నగరంలో రెండు సంస్థలు చేతులు కలిపాయి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటను, మనం రోజూ తినే తేజను కాపాడుకోవడానికి మిరప విషయంలోనూ అలాగే కలవాలి. తెగులు తగ్గిందా, పురుగు పెరిగిందా, దిగుబడి నిలిచిందా అన్న మూడు అంశాలనూ ఒకే పొలంలో, వరసగా కొన్ని సీజన్లు కొలిచి ఫలితాలను తెలుగులో రైతు ముందు పెట్టాలి. అప్పటిదాకా రైతు సోదరులకు ఒక్క మాట: రక్షణ కోసం పెట్టే తొలి రూపాయి నారుమడిలో పెట్టండి.